పాలమూరు నుంచి సైకాలజీ పీహెచ్‌డీ సీటు దాకా: నా అనుభవం

పోయిన వారం పీహెచ్‌డీ అడ్మిషన్ ఫీజు కట్టాను. సైకాలజీ, రెగ్యులర్, హైదరాబాద్‌లోని ఒక యూనివర్సిటీ. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఫారం నింపింది 2024 ఏప్రిల్ నెలాఖర్లో. ఫీజు రసీదు చేతికొచ్చేసరికి 2025 మే నెల. చదవడానికి పట్టిన కాలం కంటే ఎదురుచూడటానికి పట్టిన కాలమే ఎక్కువ. ఎమ్మెస్సీ సైకాలజీ అయిపోయి మహబూబ్‌నగర్‌లోనో నారాయణపేటలోనో నల్గొండలోనో ఇంట్లో కూర్చున్నవాళ్ళు "సీటు ఎవరికిస్తారు, దేన్ని చూసి ఇస్తారు" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మా వైపు సైకాలజీ అనగానే "ఎర్రగడ్డ డాక్టరయితవా బిడ్డా" అంటారు, అంటే హైదరాబాద్ మానసిక ఆసుపత్రి డాక్టర్ అని. ఊళ్ళోవాళ్ళు అంటే సరే, అప్లై చేసేవాళ్ళలోనే సగం మంది పీహెచ్‌డీ చేస్తే క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోతామనుకుంటున్నారు. అవరు. ఆ రిజిస్ట్రేషన్‌కి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు విడిగా చదవాలి. పేషెంట్లను చూడాలన్నదే మీ కోరికైతే పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలోనే బయటపడుతుంది, బోర్డు వాళ్ళు మెల్లగా అటు దారి చూపి పంపేస్తారు. నాతో పాటు వచ్చిన ఒకమ్మాయికి సరిగ్గా అదే జరిగింది. చాలా తెలివైన పిల్ల.

పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50 చాలు. ఈడబ్ల్యూఎస్ వాళ్ళకు పీహెచ్‌డీ ప్రవేశానికి 50 చాలు గానీ, నెట్‌కి 55 ఉండాల్సిందే. ఇక్కడ ఇబ్బంది మార్కులతో కాదు, మెమోతో వస్తుంది. మన మెమోల మీద సీజీపీఏ ఉంటుంది, ఫారంలో శాతం అడుగుతారు. పదితో గుణించి రాసేస్తే వెరిఫికేషన్‌లో ఒప్పుకోరు. చదివిన యూనివర్సిటీ పరీక్షల విభాగం ఇచ్చే కన్వర్షన్ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి. నాకు దానికి మూడు వారాలు పట్టింది. ఇంకోటి బీసీ సర్టిఫికెట్. స్కూలు నుంచి దాచుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ నెట్‌కి గాని, కేంద్ర యూనివర్సిటీలకు గాని పనికిరాదు. మీసేవలో దరఖాస్తు పెట్టేటప్పుడే కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అని అడగాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో ఇచ్చినదై ఉండాలి. కొన్ని కులాలు రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో ఉండవు, అది కూడా ముందే చూసుకోండి. ఫారం నింపాక కేటగిరీ మార్చడం తలనొప్పి.

నెట్ ఫీజు ఓబీసీకి 600, జనరల్‌కి 1150, ఎస్సీ ఎస్టీ దివ్యాంగులకు 325. సైకాలజీ సబ్జెక్టు కోడ్ 04. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, ఒక్కోదానికి రెండు మార్కులు. మూడు గంటలు ఏకబిగిన, నెగెటివ్ మార్కుల్లేవు. పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా నెట్ మార్కులే తీసుకోవడం మొదలైంది ఆ 2024 జూన్ విడత నుంచే. జూన్ 18న ఓఎంఆర్ మీద రాశాం. మర్నాడు రాత్రి పరీక్ష రద్దయిందని వార్త. బాగా రాసినవాళ్ళకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్ళీ పరీక్షలు ఆగస్టు 21 నుంచి సెప్టెంబర్ 4 మధ్యలో, ఈసారి కంప్యూటర్ మీద. ఫీజు మళ్ళీ అడగలేదు గానీ మధ్యలో రెండు నెలలు పుస్తకం ముట్టబుద్ధి కాలేదు. ఆ రెండు నెలలు సినాప్సిస్, అంటే ఏం పరిశోధన ఎలా చేస్తామో చెప్పే ప్రతిపాదన, ఆ పని పెట్టుకున్నాను. అదే తర్వాత అక్కరకొచ్చింది.

సిలబస్‌లో పది యూనిట్లుంటాయి. మార్కుల కోసం అన్నీ చదవాల్సిందే. కానీ రెండో యూనిట్, అంటే రీసెర్చ్ మెథడాలజీ, స్టాటిస్టిక్స్, మూడోది సైకలాజికల్ టెస్టింగ్, ఈ రెండూ పరీక్షకూ ఇంటర్వ్యూకూ కలిసొస్తాయి. ఫ్రాయిడ్ గురించి బోర్డులో నన్నెవరూ ఒక్క ముక్క అడగలేదు.

ఫలితాలు అక్టోబర్ 17న వచ్చాయి. అందులో మూడు వర్గాలుంటాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్ళు మొదటి వర్గం, వాళ్ళకు ప్రవేశం ఇంటర్వ్యూ మీదే. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం రెండోది, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే మూడోది. నాది రెండో వర్గం. రెండు, మూడు వర్గాలకు నెట్ పర్సెంటైల్‌కి (రాసినవాళ్ళలో ఎంత శాతం మంది మన వెనక ఉన్నారన్న లెక్క) 70, ఇంటర్వ్యూకి 30. ఈ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాదే చెల్లుతాయి.

ఈ 70, 30 లెక్కను కాగితం మీద వేసి చూసుకోండి. పర్సెంటైల్ 94 ఉన్నవాళ్ళకు 65.8 వస్తుంది. 88 ఉన్నవాళ్ళకు 61.6. తేడా 4.2 మార్కులే. ఇంటర్వ్యూలో ముప్పైకి ఒకరికి 14, ఇంకొకరికి 22 పడ్డాయంటే ఆరు పర్సెంటైళ్ళ వెనకబాటు పూడిపోయి, పైగా మిగులుతుంది. మా లిస్టులో అలాంటివి కళ్ళారా చూశాను. ఇంటర్వ్యూకి పిలిచేంత పర్సెంటైల్ ఉంటే, ఆ తర్వాత దాని గురించి బెంగ పెట్టుకోవడం దండగ.

అందరూ వదిలేసే పని గైడ్ ఖాళీలు చూసుకోవడం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 కంటే ఎక్కువ స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. అంటే డిపార్ట్‌మెంట్ పేజీలో ఎనిమిది ఫొటోలు కనబడినా, ఆ ఏడాది మీ అంశంలో ఖాళీ ఉన్నవాళ్ళు ఒక్కరో ఇద్దరో. నేను అప్లై చేసిన ఇంకో యూనివర్సిటీలో ఇంటర్వ్యూ చక్కగా జరిగింది. సీటు రాలేదు, ఎందుకంటే పిల్లల మీద పనిచేసే గైడ్ దగ్గర ఖాళీ లేదు, మిగిలిన ఖాళీలు ఆర్గనైజేషనల్ బిహేవియర్‌లో. ఆ సంగతి నోటిఫికేషన్‌లో రాయలేదు, ఆఫీసులో అడిగితే నోటిమాటగా తెలిసింది. కాబట్టి ఫీజు కట్టకముందే గైడ్‌కి మెయిల్ పెట్టండి. నాలుగైదు వాక్యాలు చాలు: ఏం చదివారు, డిసర్టేషన్ (పీజీలో చేసిన పరిశోధన) దేని మీద, ఏ ప్రశ్న మీద పనిచేయాలనుకుంటున్నారు, వాళ్ళు రాసిన ఏ పేపర్ చదివారు, ఈ ఏడాది ఖాళీ ఉందా. "రెస్పెక్టెడ్ సార్" అని మొదలై రెండు పేజీలు సాగే మెయిళ్ళకు జవాబు రాదు. చిన్న మెయిళ్ళకూ సగమే వస్తాయి, వారం ఆగి ఒకసారి గుర్తు చేస్తే తప్పులేదు.

ఇక సినాప్సిస్. సీటు ఇక్కడే తేలుతుంది.

నా అంశం మా ప్రాంతంలోదే. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు తండాల నుంచి, ఊళ్ళ నుంచి ముంబై, పుణె, భివండికి వలస పోతారు. పిల్లలు అవ్వ, తాతల దగ్గర ఉండిపోతారు. ఆ పిల్లల మానసిక ఆరోగ్యం మీద పనిచేస్తానని రాశాను. వినడానికి బాగుంటుంది. కానీ "వలస ప్రభావం" అని రాసిన మొదటి డ్రాఫ్ట్ చదివి, ఎమ్మెస్సీలో నా గైడ్ మేడం మార్జిన్‌లో ఒకటే రాశారు: "దేనితో పోల్చి?" పేదరికం, వలస కలిసే ఉంటాయి. పిల్ల దిగులుగా ఉంటే అది అమ్మ దగ్గర లేనందుకా, ఇంట్లో డబ్బు లేనందుకా? దానికి జవాబు కావాలంటే అదే ఊళ్ళో, అదే ఆదాయంతో, తల్లిదండ్రులు ఇంటి దగ్గరే ఉన్న పిల్లలు రెండో గ్రూపుగా కావాలి. సినాప్సిస్‌లో ఈ ఒక్క పేరా రాయడానికే నెల తిరిగింది.

తర్వాత ఎంతమంది అన్న లెక్క. "300 మందిని తీసుకుంటాను" అని రాస్తే ఎందుకు 300 అని అడుగుతారు. ఎంతమంది కావాలో లెక్కగట్టే జీపవర్ ఉచిత సాఫ్ట్‌వేర్, నేర్చుకోవడానికి ఒక పూట చాలు. రెండు గ్రూపుల మధ్య ఒక మోస్తరు తేడా, అంటే కోహెన్ డి 0.5, లేని తేడా ఉందనుకునే అవకాశం, అంటే ఆల్ఫా 0.05, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం, అంటే పవర్ 0.80 పెడితే గ్రూపుకు 64, మొత్తం 128 వస్తుంది. తేడా చిన్నదని, 0.3 అని అనుకుంటే గ్రూపుకు 176 కావాలి. అయితే ఒకే ఊరి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి ఈ లెక్క అక్కడితో సరిపోదు. ఊరికి 20 మంది చొప్పున తీసుకుని, ఊరి లోపలి పోలిక 0.05 అనుకుంటే, 1 + 19 × 0.05, అంటే 1.95తో గుణించాలి. 128 కాస్తా 250 అవుతుంది. ఈ గుణకారం సినాప్సిస్‌లో చూసి బోర్డులో బయటి నుంచి వచ్చిన సార్ తల పైకెత్తారు. అంతవరకు ఆయన ఫోన్ చూసుకుంటున్నారు.

కొలిచే సాధనం ఇంకో మెలిక. నేను ఎంచుకున్నది స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్ ప్రశ్నావళి: 25 అంశాలు, ఐదు ఉపవిభాగాలు, వాటిలో నాలుగు కలిపి ఇబ్బందుల మొత్తం స్కోరు 0 నుంచి 40. పిల్లలు సొంతంగా నింపేది 11 ఏళ్ళ నుంచి. అంతకంటే చిన్నవాళ్ళకు తల్లిదండ్రులో టీచరో నింపాలి. తల్లిదండ్రులు భివండిలో ఉంటే ఎవరు నింపుతారు? అవ్వ. అవ్వకు చదువు రాదు, కాబట్టి చదివి వినిపించాలి. వినిపించే మనిషి గొంతు జవాబును అటో ఇటో జరుపుతుంది, కాబట్టి అడిగేవాళ్ళకు ఒకే రకం శిక్షణ ఇవ్వాలి. తండాల్లో ఇంట్లో మాట లంబాడీ, నారాయణపేట అంచున కన్నడం. ఒక్క తెలుగు ఫారంతో అందరినీ అడుగుతాననడం కుదరదు. ఇద్దరు విడివిడిగా అనువదించాలి, మూడో మనిషి మూలం చూడకుండా తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పోల్చి సరిదిద్దాలి, కొద్దిమందితో పైలట్ చేసి, ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా చూసుకోవాలి. ఇదంతా సినాప్సిస్‌లో అర పేజీ. సాధనం హక్కులు ఎవరివి, అనుమతి కావాలా అన్నది కూడా అందులోనే రాయాలి.

ఎక్కువమంది సినాప్సిస్‌లు అంశం దగ్గర కాదు, ఈ అర పేజీ దగ్గర కూలుతున్నాయి. నల్గొండ నుంచి వచ్చిన ఒక అబ్బాయి మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయినవాళ్ళను చూసుకునే కుటుంబసభ్యుల మీద రాశాడు. నా అంశం కంటే బలమైనది. కానీ సాధనం అమెరికాలోది, తెలుగులోకి ఎలా వస్తుందో ఒక్క వాక్యమూ లేదు. వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు.

కాల పట్టిక వేసేటప్పుడు కూడా ఊరి క్యాలెండర్ చూడాలి. వలస దసరా దాటాక మొదలై, వానలకు ముందు వెనక్కి వస్తుంది. జనవరిలో కొలిస్తే ఒక మాట, జూన్‌లో కొలిస్తే ఇంకో మాట. నేను రెండుసార్లు కొలుస్తానని రాశాను. దాంతో పని రెట్టింపయింది గానీ, ఒక్కసారి కొలిచి కారణం చెప్పడం కుదరదన్న ప్రశ్నకు జవాబు ముందే పడింది.

అప్లికేషన్ డిసెంబర్‌లో తెరిచారు, జనవరి మధ్యలో మూశారు. మూడు యూనివర్సిటీలకు కలిపి ఫీజులు రెండున్నర వేల దాకా అయ్యాయి. సర్టిఫికెట్లు, జిరాక్సులు, ఇంటర్వ్యూ ముందురోజు హాస్టల్లో ఉండటం అన్నీ చూసుకుంటే పది వేల లోపే. ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేకపోవడం బాగా కలిసొచ్చింది, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బులివ్వాలి. రెకమండేషన్ లెటర్లు రెండు అడిగారు. "కష్టపడే విద్యార్థిని, మంచి నడవడిక" అని రాసిన లెటర్ ఉన్నా లేకున్నా ఒకటే. మీ డిసర్టేషన్‌లో డేటా మీరే సేకరించారా, విశ్లేషణ మీరే చేశారా, తప్పు దొరికితే సరిదిద్దుకున్నారా అన్నది ఆ లెటర్‌లో ఉండాలి. దాని కోసం లెటర్ ఇచ్చేవాళ్ళకు మీ డిసర్టేషన్ సారాంశం ఒక పేజీ మీరే ఇవ్వండి. వాళ్ళ దగ్గర ఏడాదికి నలభై మంది చదువుతారు, మీరు చేసిందంతా గుర్తుండదు.

పేపర్లు అచ్చయి ఉండాలా? లేకపోయినా సీటొస్తుంది. డబ్బులు కడితే మూడు రోజుల్లో వేసేసే జర్నల్లో పేపర్ మాత్రం వద్దు. అలాంటి మూడు పేపర్లు పెట్టిన ఒకాయన్ని బోర్డు అరగంట వాటి మీదే పట్టుకుందని బయట చెప్పుకున్నారు. ఒక సదస్సులో పోస్టర్, మీరు నిజంగా చేసిన డిసర్టేషన్ చాలా నయం.

ఇంటర్వ్యూ మార్చి రెండో వారంలో. ఉదయం తొమ్మిదిన్నరకు వెరిఫికేషన్ అన్నారు, నా పేరు పిలిచేసరికి మూడు దాటింది. తినడానికి ఏదైనా పెట్టుకుపోండి, వరుస ఎప్పుడు మారుతుందో తెలియదు కాబట్టి క్యాంటీన్‌కి పోవాలంటే భయం. లోపల ఐదుగురు. ఇరవై నిమిషాల లోపే. మొదట డిసర్టేషన్: శాంపిల్ ఎలా తీసుకున్నారు, పి విలువ 0.06, అంటే 0.05 హద్దుకు కాస్త పైన, వస్తే ఏమని రాస్తారు, ఎఫెక్ట్ సైజ్ (తేడా ఎంత పెద్దది) ఎంత. "దాదాపు ప్రాధాన్యం ఉంది" అనే రకం జవాబులు అక్కడ నడవవు.

తర్వాత సినాప్సిస్. మొదటి దెబ్బ సమ్మతి మీద. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల మీద అధ్యయనానికి తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల సమ్మతి కావాలి, ఏడేళ్ళు దాటినవాళ్ళు తాము కూడా ఒప్పుకోవాలి. "తల్లిదండ్రులు ముంబైలో, అవ్వ చట్టబద్ధ సంరక్షకురాలు కాదు. సంతకం ఎవరిది?" ఫోన్లో తల్లికో తండ్రికో చదివి వినిపించి, సమ్మతి రికార్డు చేసి, ఊళ్ళో అవ్వ వేలిముద్ర, దానికి మాతో సంబంధం లేని సాక్షి సంతకం అని చెప్పాను. పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఇంకా గట్టిగా అడుగుతుంది, సిద్ధంగా ఉండండి అన్నారు. రెండోది: పిల్ల చచ్చిపోవాలనుందని చెబితే మీరేం చేస్తారు? ఆ క్షణం ఫారం పక్కన పెట్టి ఒంటరిగా వదలకుండా ఉండటం, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పడం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి కలపడం, జిల్లా ఆసుపత్రిలో ఎవరికి పంపాలో ముందే మాట్లాడి పెట్టుకోవడం. ఇది సినాప్సిస్‌లో రాసి ఉంది కాబట్టి తడబడలేదు. మూడోదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు: సీజనల్ హాస్టల్లో, అంటే వలస కాలానికి పిల్లల్ని ఉంచే హాస్టల్లో, ఉండేవాళ్ళను ఏ గ్రూపులో వేస్తారు? మూడో గ్రూపుగా పెట్టాలి, లేదా మొదటి దశలో వదిలేయాలి, శాంపిల్ చూసి చెప్పాలి అన్నాను. అక్కడ ఎవరూ విసుక్కోలేదు.

ఇంగ్లీషు గురించి చాలామంది భయపడతారు. నేను రెండు చోట్ల తెలుగులోకి జారాను, ఒక చోట చైర్మన్ గారే తెలుగులో అడిగారు. రెండు గ్రూపులను పోల్చే టీ-టెస్టుకూ, అంతకంటే ఎక్కువ గ్రూపులను పోల్చే అనోవాకూ తేడా చెప్పలేని ధారాళమైన ఇంగ్లీషు వల్ల లాభం లేదు.

లిస్టు రావడానికి ఐదారు వారాలు పట్టింది. ఆ రోజుల్లో వెబ్‌సైట్ పొద్దునా సాయంత్రం తెరవడం ఒక జబ్బులా తయారైంది. సీటు వచ్చాక చేరడానికి వారమే గడువు. టీసీ, మైగ్రేషన్, ఒరిజినల్ మెమోలు, ప్రొవిజనల్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఎక్కడైనా ఉద్యోగం చేస్తుంటే ఎన్‌ఓసీ. మైగ్రేషన్ సర్టిఫికెట్ లిస్టు వచ్చాక తెచ్చుకుందామంటే ఆ వారం సరిపోదు. చేరేటప్పుడు కట్టింది ఇరవై వేలకు అటూ ఇటూ.

డబ్బు సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. జేఆర్‌ఎఫ్‌కి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, అద్దె భత్యం అదనం. అది లేనివాళ్ళకు కేంద్ర యూనివర్సిటీల్లో నాన్ నెట్ ఫెలోషిప్ 8,000. రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఏమీ రాదు. జేఆర్‌ఎఫ్‌కి వయసు 30, ఆడవాళ్ళకు, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ళు సడలింపు, కాబట్టి చేరాక కూడా మళ్ళీ రాయొచ్చు. నేను రాస్తాను. కోర్సు కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరు. ఆడవాళ్ళకు మరో రెండేళ్ళ వెసులుబాటు, ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు ఉంది. పెళ్ళి సంబంధాల గురించి అడిగే ఇళ్ళలో ఈ రెండు నిబంధనలు చెప్పుకోవడానికి పనికొస్తాయి.

ముందు కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, అందులో రీసెర్చ్ ఎథిక్స్ కూడా ఉంటుంది. ఆరు నెలలకోసారి అడ్వైజరీ కమిటీ ముందు కూర్చోవాలి. గైడ్ మాత్రం కోర్స్‌వర్క్ అయ్యేదాకా ఆగొద్దన్నారు. దసరాకి వలస కదలకముందే పది మంది అవ్వలతో పైలట్ చేయాలి, దానికి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, బడుల కోసం డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఉత్తరం. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ఫైల్లో లంబాడీలో సమ్మతి పత్రం ఉండాలి. ఇప్పుడు అది అనువాదంలో ఉంది.